పాత కంప్యూటర్ల పవర్ సప్లై, 3వ పాఠం: మీటర్ 13 వోల్టులు చూపించినంత మాత్రాన అడాప్టర్ పోయినట్టు కాదు

పోయినసారి స్పెక్ట్రమ్ (1980ల నాటి సింక్లెయిర్ హోమ్ కంప్యూటర్) అడాప్టర్ని మల్టీమీటర్ పెట్టి కొలవమన్నాను కదా, మీలో చాలామంది "9 వోల్టులని రాసుంది, 13 చూపిస్తోంది, ఇది పాడైపోయింది" అని పక్కన పడేశారు, కొందరైతే రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారుకెళ్ళి సీసీటీవీ కెమెరాల 12 వోల్టుల అడాప్టర్ కొనేసుకొచ్చారు. కెపాసిటర్ల సంగతి వచ్చేవారం, ముందు ఇది తేల్చాలి.

పాతది పారేయకండి. అందులో ఉండేది ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు, ఒక కెపాసిటర్, అంతే. 5 వోల్టులు చేసే 7805 రెగ్యులేటర్ కంప్యూటర్ లోపలే ఉంటుంది. లోడ్ లేకపోతే, అంటే కరెంటు లాగేది ఏదీ తగిలించకపోతే, 12, 13 రావడం మామూలే, 1.4 ఆంపియర్ల దాకా లాగితే 9కి దిగుతుంది. 10 ఓమ్స్, 20 వాట్ల సిమెంట్ రెసిస్టర్ తగిలించి కొలవండి, దిగడం మీకే కనిపిస్తుంది.

ఇక ఆ కొత్త అడాప్టర్ ఎవరూ పెట్టొద్దు! సీసీటీవీ, రౌటర్ అడాప్టర్లలో పిన్ను మధ్య బొక్కలో ప్లస్ ఉంటుంది, స్పెక్ట్రమ్‌కి మధ్యలో మైనస్, బయట ప్లస్. పిన్ను సైజు ఒకటే కాబట్టి చక్కగా దూరిపోతుంది, అక్కడే కొంప మునిగేది. లేబుల్ మీద గుండ్రటి బొమ్మలో మధ్య చుక్క నుంచి గీత ఏ గుర్తుకి వెళ్తోందో చూడండి, చూశాక కూడా నమ్మకుండా మీటర్ ఎర్ర ప్రోబ్ మధ్యలో, నల్లది బయట పెట్టండి, మైనస్ 9 అని రావాలి (పాత అడాప్టరైతే లోడ్ లేదు కాబట్టి మైనస్ 12, 13), మైనస్ గుర్తు లేకపోతే అది మన మెషీన్‌కి కాదు. తిరగేసి పెడితే ట్రాన్సిస్టర్లు, ర్యామ్ చిప్పులు పోయే ప్రమాదం ఉంది. వైర్లు తిప్పి ప్లస్ మైనస్ సరిచేసుకున్నా 12 వోల్టులు వద్దు, ఆ ఎక్కువంతా 7805 వేడి కిందే పోవాలి, మన చెన్నై ఎండాకాలంలో అసలే వద్దు.

నేను వాడేది గిటార్ పెడల్ అడాప్టర్, 9 వోల్టులు, మధ్యలో మైనస్, మ్యూజిక్ షాపుల్లో దొరుకుతుంది. 2 ఆంపియర్లది అడగండి, 500 మిల్లీ ఆంపియర్లది చాలదు.

కమడోర్ 64 (అదే కాలం నాటి ఇంకో హోమ్ కంప్యూటర్) ఇటుక, అంటే ఇటుకలా ఉండే దాని పవర్ సప్లై, సంగతి వేరు. 5 వోల్టుల రెగ్యులేటర్ ఆ ఇటుక లోపలే ఉంటుంది, రెజిన్ పోసేసి ఉంటుంది కాబట్టి విప్పలేం, అది పోయినప్పుడు 5 వోల్టుల లైను పైకెక్కి ర్యామ్‌ని కాల్చేస్తుంది. నా మటుకు నేను పాత ఇటుకని మెషీన్‌కి తగిలించను.

ప్రాక్టీస్: ఆ ఇటుక 5 వోల్టుల లైనుకి 4.7 ఓమ్స్, 10 వాట్ల రెసిస్టర్ పెట్టి, అరగంట పాటు ఐదు నిమిషాలకోసారి రీడింగ్ రాయండి. రెసిస్టర్ ముట్టుకోలేనంత వేడెక్కుతుంది, పింగాణీ ప్లేటు మీద పెట్టండి. ఒక్కసారి 5.25 దాటినా దాన్ని పక్కన పెట్టేయండి. దాటకపోయినా రేపు దాటదని గ్యారంటీ లేదు, అందుకే ఓవర్‌వోల్టేజ్ కటాఫ్ (వోల్టేజ్ హద్దు దాటితే సప్లై ఆపేసే సర్క్యూట్) లేకుండా కంప్యూటర్‌కి పెట్టొద్దు. రీడింగులు దాచుకోండి, వచ్చేవారం కెపాసిటర్ల దగ్గర అవే కావాలి.