టర్బో మార్చాక ఇంజిన్ ట్యూన్ ఎలా ఎంచుకోవాలి?

పెద్ద టర్బో బిగించడం అయిపోయింది, ఆయిల్ లైన్లు చూసుకున్నారు, స్టార్ట్ చేస్తే ఐడిలింగ్ కూడా చక్కగా ఉంది. సరిగ్గా ఇక్కడే చాలామంది "బాగానే నడుస్తోంది కదా, ట్యూన్ సంగతి తర్వాత చూద్దాం" అనుకుని రోడ్డెక్కి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కేస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

మీ ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి) టర్బో మారిన సంగతి తెలియదు. అందులో ఉన్న లెక్కలన్నీ పాత టర్బోవి. గేజ్ మీద అదే 15 పీఎస్ఐ బూస్ట్ (టర్బో నొక్కి పంపే గాలి ఒత్తిడి) కనిపిస్తున్నా, పెద్ద టర్బో పంపే గాలి అంత వేడెక్కదు, ఎగ్జాస్ట్ వైపు వెనక్కి తన్నే ఒత్తిడి కూడా తగ్గుతుంది, అందుకని సిలిండర్‌లోకి చేరే గాలి బరువు పెరుగుతుంది. గాలి పెరిగితే పెట్రోలు పెరగాలి, స్పార్క్ పడే సమయం మారాలి. ట్యూన్ చేసే ముఖ్యమైన పని ఇదే. నన్నడిగితే ట్యూన్ ఎంచుకునేటప్పుడు హార్స్‌పవర్ అంకెని అన్నిటికన్నా ఆఖరున చూడాలి. ముందు చూసుకోవాల్సింది, మీ బండి లాగ్‌ని (నడిపేటప్పుడు సెన్సార్ల అంకెలు రికార్డు చేసిన ఫైల్‌ని) ఓపిగ్గా కూర్చుని చదివే ట్యూనర్ ఎవరన్నది.

1. ముందు బండి ఆరోగ్యం చూడండి

ట్యూన్‌తో మెకానికల్ లోపాలు పోవు, పైగా దాక్కుని కూర్చుంటాయి. కంప్రెషన్ టెస్ట్ చేయించండి, సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే కారణం తెలిసేదాకా బూస్ట్ పెంచే మాటే వద్దు. స్పార్క్ ప్లగ్‌లు ఒక మెట్టు కోల్డ్ రకం వేసి, గ్యాప్ కొంచెం తగ్గించడం మామూలుగా చేసేదే, చాలా టర్బో ఇంజిన్లలో 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్ల దగ్గర పెడతారు. గ్యాప్ ఎక్కువుంటే గట్టి బూస్ట్‌లో స్పార్క్ ఆరిపోయి మిస్‌ఫైర్ వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం లీక్ టెస్ట్, అంటే గొట్టాల్లో ఎక్కడైనా గాలి కారుతోందేమో చూడటం. ఇది నేను నేర్చుకున్న తీరు చెబుతాను. టర్బో మార్చాక నేను లీక్ టెస్ట్ చేయకుండానే లాగ్ తీసి ట్యూనర్‌కి పంపాను. ఐడిలింగ్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ ఇంధనాన్ని ఎంత సవరిస్తోందో చెప్పే అంకె) ప్లస్ 14 శాతం, అంటే గాలి ఎక్కువై ఈసీయూ అదనంగా పెట్రోలు పోస్తోంది. బూస్ట్‌లోకి వెళ్లగానే దానికి పూర్తిగా ఎదురు, ఎయిర్-ఫ్యూయల్ రేషియో 10 దగ్గరికి పడిపోతోంది, అంటే పెట్రోలు మరీ ఎక్కువ. ఒకే బండి ఒకచోట లీన్‌గా, ఇంకోచోట రిచ్‌గా ఎలా ఉంటుందా అని రెండు రోజులు తల పట్టుకున్నాను. చివరికి సబ్బునీళ్లు చల్లి, టర్బో ఇన్‌లెట్ దగ్గర నుంచి గాలి ఎక్కిస్తే దొరికింది: ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి (సిలిండర్లకి గాలి పంచే భాగానికి) వెళ్లే వేలు లావు రబ్బరు గొట్టం, దాని అడుగున క్లాంప్ అంచు కోసేసి సన్నటి చీలిక, దాని చుట్టూ తెల్లగా బుడగలు. ఐడిలింగ్‌లో మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉంటుంది కాబట్టి మాఫ్ సెన్సార్ (లోపలికి వచ్చే గాలిని కొలిచేది) లెక్కపెట్టని గాలి ఆ చీలిక గుండా లోపలికి పోతోంది. బూస్ట్ రాగానే సెన్సార్ లెక్కపెట్టిన గాలి అక్కడి నుంచే బయటికి పోతోంది. గొట్టం మార్చాక రెండు తప్పులూ ఒకేసారి పోయాయి. ఆ లాగ్ మీదే ఎవరైనా ట్యూన్ చేసి ఉంటే చీలికకి సరిపోయే మ్యాప్ (ఈసీయూలో ఉండే లెక్కల పట్టిక) తయారయ్యేది.

మాఫ్ సెన్సార్ లేకుండా మానిఫోల్డ్ ప్రెజర్‌ని బట్టి గాలి లెక్కగట్టే బండ్లలో లీక్ ఇంత తేలిగ్గా బయటపడదు. ఇంధనం దాదాపు సరిగ్గానే కనిపిస్తుంది, కానీ అదే బూస్ట్ కోసం టర్బో మరింత వేగంగా తిరగాల్సి వస్తుంది, వేస్ట్‌గేట్ (ఎగ్జాస్ట్‌ని టర్బో పక్కగా మళ్లించి బూస్ట్‌ని అదుపు చేసే తలుపు) డ్యూటీ, అంటే బూస్ట్ నిలపడానికి ఈసీయూ ఇచ్చే ఆదేశం శాతం, మామూలుకన్నా పైకి పోతుంది. అందుకే ఏ బండికైనా లీక్ టెస్ట్ తప్పదు.

2. ఏం బిగించారో కాగితం మీద పెట్టండి

టర్బో మోడల్, వేస్ట్‌గేట్ స్ప్రింగ్ ఎన్ని పీఎస్ఐది, ఇంజెక్టర్ల సైజు, ఫ్యూయల్ పంపు, ఇంటర్‌కూలర్, డౌన్‌పైప్, ప్లగ్‌లు, క్లచ్, అన్నీ రాయండి. స్ప్రింగ్ సంగతి చాలామంది మర్చిపోతారు. 14 పీఎస్ఐ స్ప్రింగ్ వేశాక ట్యూనర్ ఎంత ప్రయత్నించినా సుమారు 14కి తగ్గించి బూస్ట్ నడపలేడు.

ఇంజెక్టర్లు చాలతాయో లేదో మీరే లెక్క వేసుకోవచ్చు. 4 సిలిండర్ల పోర్ట్ ఇంజెక్షన్ పెట్రోలు ఇంజిన్, క్రాంక్ దగ్గర 400 హెచ్‌పీ కావాలనుకుందాం. టర్బో పెట్రోలు ఇంజిన్ ఒక్కో హెచ్‌పీకి గంటకి దాదాపు 0.6 పౌండ్ల ఇంధనం తాగుతుందని తీసుకుంటే 240 పౌండ్లు, నాలుగుతో భాగిస్తే 60. ఇంజెక్టర్‌ని 80 శాతం డ్యూటీ (తెరిచి ఉండే సమయం) దాటనివ్వకూడదు కాబట్టి 60ని 0.8తో భాగిస్తే 75 పౌండ్లు. పౌండుకి 10.5 చొప్పున గుణిస్తే నిమిషానికి సుమారు 790 సీసీ. మీ దగ్గరున్నవి 550 సీసీవైతే 400 అన్న మాట మర్చిపోండి, లేదా ఇంజెక్టర్లు మార్చండి. ఇదే పద్ధతిలో గాలికీ ఒక మోటు లెక్క ఉంది: నిమిషానికి 1 పౌండు గాలి అంటే దాదాపు 10 హెచ్‌పీ. టర్బో కంపెనీ ఇచ్చే కంప్రెసర్ మ్యాప్‌లో 40 పౌండ్ల దగ్గర మీ టర్బో ఇంకా మంచి ఎఫిషియెన్సీలో ఉందో లేదో చూసుకోండి.

సెన్సార్ల హద్దులు కూడా రాసుకోండి. 2.5 బార్ ప్రెజర్ సెన్సార్ అంటే వాతావరణ పీడనంతో కలిపి 2.5, అంటే సముద్రమట్టం దగ్గర అది చూడగలిగే బూస్ట్ 1.5 బార్, సుమారు 22 పీఎస్ఐ. దాని పైన బూస్ట్ ఎంతున్నా ఈసీయూకి కనపడదు. డైరెక్ట్ ఇంజెక్షన్ బండ్లకి హై ప్రెజర్ పంపు కూడా ఒక హద్దే. లాగ్‌లో అడిగింది 200 బార్ ఉండి వచ్చేది 150 ఉంటే పంపు చేతులెత్తేసిందని అర్థం, ట్యూన్‌తో అది బాగుపడదు.

3. ఇంధనం ముందే తేల్చుకోండి

మీకు రోజూ దొరికే పెట్రోలు ఏదో దానికే ట్యూన్ చేయించుకోండి, ఎప్పుడో దొరికే మంచి పెట్రోలుకి కాదు. ఆక్టేన్ అంకె చూసేటప్పుడు జాగ్రత్త, కొన్ని దేశాల్లో ఆర్ఓఎన్ రాస్తారు, కొన్నిచోట్ల ఏకేఐ రాస్తారు, రెండూ ఆక్టేన్‌కి వేర్వేరు కొలతలు. 95 ఆర్ఓఎన్ దాదాపు 91 ఏకేఐకి సమానం. ఏకేఐ 93కి చేసిన మ్యాప్‌ని ఆర్ఓఎన్ 93 పెట్రోలు మీద నడిపితే నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు లేకుండా పేలడం) కొని తెచ్చుకున్నట్టే.

ఈ85 (85 శాతం దాకా ఇథనాల్ కలిపిన ఇంధనం) దొరికే చోట ఉంటే నాకింగ్ నుంచి చాలా ఊరట దొరుకుతుంది, కానీ పెట్రోలుతో పోలిస్తే పరిమాణంలో 30 నుంచి 40 శాతం ఎక్కువ ఇంధనం కావాలి, అంటే పైన వేసిన ఇంజెక్టర్ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. పైగా సీజన్‌ని బట్టి అందులో ఇథనాల్ శాతం మారుతుంటుంది కాబట్టి ఫ్లెక్స్ ఫ్యూయల్ సెన్సార్ లేకుండా ఈ85 ట్యూన్‌కి నేను ఒప్పుకోను.

4. ఏ రకం ట్యూన్?

పిగ్గీబ్యాక్ బాక్సులు టర్బో మార్చిన బండికి వద్దు. అవి ఎక్కువగా సెన్సార్ చెప్పే అంకెని మార్చి ఈసీయూని మభ్యపెట్టే రకం, స్టాక్ (కంపెనీ నుంచి వచ్చిన) టర్బో మీద కొంచెం బూస్ట్ పెంచుకోవడానికైతే సరే.

రెడీమేడ్ మ్యాప్‌లు చవక, వెంటనే దొరుకుతాయి. మ్యాప్‌తో ఇచ్చే పార్టుల జాబితాలో ఉన్నవన్నీ మీ బండిలో అక్షరాలా అవే ఉంటే పర్వాలేదు. టర్బో ఒకటే అయినా ఇన్‌టేక్ గొట్టం వేరే కంపెనీది అయితే మాఫ్ సెన్సార్ లెక్క తప్పుతుంది, ఎందుకంటే సెన్సార్ కూర్చునే గొట్టం వ్యాసం మారితే అదే గాలికి వేరే వోల్టేజి వస్తుంది.

రిమోట్ ట్యూన్ అంటే ట్యూనర్ బేస్ మ్యాప్ పంపుతాడు, మీరు లాగ్ తీసి పంపుతారు, ఆయన సవరించి మళ్లీ పంపుతాడు. మంచి ట్యూనర్ దొరికితే ఇది చాలా మంచి దారి. మీ ఇంజిన్ రకంలో పండిపోయిన మనిషి ఎక్కడో దూరాన ఉన్నా సరే ఆయన పని మీకు అందుతుంది. రోజూ మీరు నడిపే వేడిలో, మీరు పోసే పెట్రోలు మీదే లాగ్‌లు వస్తాయి. కష్టమల్లా ఫుల్ థ్రాటిల్ పుల్ (యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పై ఆర్పీఎం దాకా లాగడం) తీయడానికి చోటు దొరకడం. మామూలు రోడ్డు మీద అది ప్రాణాలతో చెలగాటం, ట్రాక్ గానీ డైనో (బండిని ఒకచోటే నిలిపి నడిపి పవర్ కొలిచే యంత్రం) గానీ అద్దెకి తీసుకోండి.

డైనో మీద కస్టమ్ ట్యూన్, అందులోనూ లోడ్ పట్టి ఉంచగలిగే డైనో మీద చేసేది, నా దృష్టిలో పెద్ద టర్బోకి అన్నిటికన్నా నమ్మకమైనది. 3,000 ఆర్పీఎం దగ్గర ఇంజిన్‌ని ఆపి ఉంచి, ఒక్కో డిగ్రీ టైమింగ్ పెంచుతూ టార్క్ ఎక్కడ ఆగిపోతుందో చూడొచ్చు. టార్క్ పెరగడం ఆగాక ఇంకా టైమింగ్ ఇవ్వడం వల్ల పిస్టన్ మీద భారం తప్ప ఒరిగేదేం లేదు.

స్టాండలోన్ ఈసీయూ (స్టాక్ ఈసీయూ స్థానంలో పెట్టే విడి ఈసీయూ) అవసరం అందరికీ ఉండదు. స్టాక్ ఈసీయూ తెరవడానికి వీల్లేనప్పుడో, అదనపు ఇంజెక్టర్లు, సెన్సార్లు పెట్టినప్పుడో దాని గురించి ఆలోచించండి.

5. ట్యూనర్‌ని ఏం అడగాలి?

"ఎంత పవర్ వస్తుంది" అని మొదలుపెట్టకండి. నా ఇంజిన్, ఇదే టర్బో మీద మీరు చేసిన బండి లాగ్ ఒకటి చూపిస్తారా అని అడగండి. ఎన్ని సవరణలు ధరలో కలిసి ఉన్నాయి? నాకింగ్ వస్తే ఈసీయూ ఏం చేస్తుంది, ఓవర్‌బూస్ట్ కట్, లీన్ కట్, ఆయిల్ ప్రెజర్ పడితే కట్ (ఇంజిన్ పవర్ ఆపేసే ఏర్పాటు) పెడతారా? ఫైల్ లాక్ చేస్తారా, రేపు వేరే ట్యూనర్ దగ్గరికి వెళ్తే నాకేం మిగులుతుంది? ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే దాని కంట్రోలర్ సంగతేంటి?

ఇంకో మాట గట్టిగా అడగండి: కింది ఆర్పీఎంలో టార్క్ ఎంత ఇస్తారు? స్టాక్ కనెక్టింగ్ రాడ్‌లని వంచేది రెడ్‌లైన్ దగ్గరున్న హార్స్‌పవర్ కన్నా ఎక్కువగా 3,000 దగ్గర ఒక్కసారిగా వచ్చి పడే టార్క్. బూస్ట్‌ని కొంచెం నెమ్మదిగా ఎక్కించే ట్యూనర్ మీ మేలు కోరేవాడు. లాగ్ చూడకుండానే అంకె చెప్పేసేవాడి దగ్గర ఎక్కువసేపు ఉండకండి.

6. లాగ్‌ని మీరూ చదవండి

అంతా అర్థం కానక్కర్లేదు, నాలుగైదు అంకెలు చాలు. ఒక పుల్‌లో 4,200 ఆర్పీఎం దగ్గర వరుస ఇలా ఉందనుకోండి: బూస్ట్ అడిగింది 18, వచ్చింది 18.3. లాంబ్డా (1 అంటే గాలికి సరిపడా ఇంధనం, అంతకన్నా తక్కువైతే ఇంధనం ఎక్కువ) 0.80. ఇంజెక్టర్ డ్యూటీ 71 శాతం. ఇన్‌టేక్ గాలి 46 డిగ్రీలు. ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. పక్కనే మూడో సిలిండర్ టైమింగ్ కరెక్షన్ (ఈసీయూ స్పార్క్‌ని వెనక్కి జరిపిన డిగ్రీలు) మైనస్ 3.5. తర్వాతి వరుసల్లోనూ మైనస్ 3, రెండో పుల్‌లోనూ అక్కడే. అది నాకింగ్. ఎక్కడో ఒకసారి మైనస్ 1 వచ్చి పోతే సెన్సార్‌కి తగిలిన చప్పుడు కావచ్చు, కానీ ఒకే సిలిండర్, ఒకే ఆర్పీఎం, మళ్లీ మళ్లీ వస్తే వెంటనే కాలు తీసేసి ఆ లాగ్ ట్యూనర్‌కి పంపండి. "ఈసీయూ సర్దుకుంటుందిలే, పర్లేదు" అని జవాబొస్తే నేనైతే అక్కడితో ఆగిపోతాను.

బూస్ట్‌లో పెట్రోలు ఇంజిన్ లాంబ్డా మామూలుగా 0.78 నుంచి 0.85 మధ్య ఉంటుంది. ట్రిమ్‌లు 5 శాతం లోపు ఉంటే మంచిది, 10 దాటితే మొదటి మెట్టుకి వెనక్కి వెళ్లి లీక్ వెతకండి. బూస్ట్ అడిగినదానికన్నా పై ఆర్పీఎంలో తనంతట తానే పెరుగుతూ పోతుంటే వేస్ట్‌గేట్ చిన్నదై ఎగ్జాస్ట్‌ని దారి మళ్లించలేకపోతోందని అనుమానించాలి.

డీజిల్ వాళ్లకి ఒక్క తేడా గుర్తుంటే చాలు: పెట్రోలులో బూస్ట్‌లో ఇంధనం తగ్గితే ప్రమాదం, డీజిల్‌లో ఇంధనం పెరిగేకొద్దీ ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది. అందుకే నల్లపొగ కక్కే డీజిల్ ట్యూన్‌ని బలమనుకోకండి. ఎగ్జాస్ట్ టెంపరేచర్ గేజ్ పెట్టించుకోండి.

7. మొదటి రోజులు

బేస్ మ్యాప్ మీద ఉన్నంతకాలం బూస్ట్‌లోకి వెళ్లకుండా మెల్లగా నడపండి. ట్యూన్ పూర్తయ్యాక కొన్ని వందల కిలోమీటర్లు నడిపి ఇంకో లాగ్ తీయండి, బాగా వేడిగా ఉన్న రోజు ఒకటి, చల్లటి రోజు ఒకటి. ఎత్తైన ప్రాంతానికి వెళ్లేవాళ్లు మరీ జాగ్రత్త: సముద్రమట్టం దగ్గర 20 పీఎస్ఐ బూస్ట్ అంటే టర్బో గాలిని 2.4 రెట్లు నొక్కుతుంది, 1,500 మీటర్ల ఎత్తులో అదే 20 కోసం 2.6 రెట్లు నొక్కాలి, అంటే ఇంకా వేగంగా తిరగాలి. ఎత్తుని బట్టి బూస్ట్ టార్గెట్ తగ్గేలా పెట్టమని ట్యూనర్‌కి ముందే చెప్పండి.

మీ ప్రాంతంలో ఎమిషన్ నిబంధనలు, ఇన్సూరెన్స్, వారంటీ ఈ మార్పుని ఒప్పుకుంటాయో లేదో డబ్బు కట్టకముందే కనుక్కోండి. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయమనే ట్యూన్‌ని నేను ఎవరికీ చెప్పను.

ఆఖరుగా ఒరిజినల్ ఈసీయూ ఫైల్‌ని, ఫైనల్ మ్యాప్‌ని, చివరి మంచి లాగ్‌ని మూడింటినీ రెండు చోట్ల దాచుకోండి. ఆరు నెలల తర్వాత బండి ఏదోలా అనిపిస్తే ఆ పాత లాగ్‌ని కొత్తదాని పక్కన పెట్టి, అదే గేర్, అదే ఆర్పీఎం దగ్గర వేస్ట్‌గేట్ డ్యూటీ ఎంత మారిందో మొదట చూడండి.