ఆఫ్‌రోడ్ బండికి ఇగ్నిషన్ టైమింగ్ మార్చేటప్పుడు

కొండదారుల్లో, ఇసుకలో నడిపే పెట్రోల్ బండికి తక్కువ వేగంలో లాగుడు పెంచాలని ఇగ్నిషన్ టైమింగ్‌ను, అంటే స్పార్క్ పడే క్షణాన్ని, ముందుకు (ఇంకా త్వరగా పడేలా) జరపాలనుకునేవారు, మొదట డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో ప్లగ్గుకు కరెంటు పంచే భాగం) అడుగునూ ఇంజన్ బ్లాకునూ కలుపుతూ ఒక గీత గీసుకోవాలి. ఏదైనా తేడా వస్తే పాత స్థానానికి చేర్చేది ఆ గీతే. పాయింట్లున్న (డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటును కలిపి విడదీసే లోహపు కొనలున్న) ఇంజన్ అయితే వాటి సందును ముందే సరిచేయాలి, ఎందుకంటే సందు మారితే టైమింగ్ కూడా మారిపోతుంది.

ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, తయారీదారు పుస్తకం వేరుగా చెప్పకపోతే డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వాక్యూమ్ గొట్టాన్ని తీసి దాని మూతిని మూసి, ఐడిల్‌లో టైమింగ్ లైటుతో (స్పార్క్ పడినప్పుడల్లా వెలిగే దీపం) క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పుల్లీ మీది గుర్తును చూడాలి. డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్ క్రాంక్‌లో సగం వేగంతోనే తిరుగుతుంది కనుక, డిస్ట్రిబ్యూటర్‌ను 1 డిగ్రీ తిప్పితే క్రాంక్ లెక్కలో 2 డిగ్రీలు మారుతుంది. ఈ లెక్కను తప్పక గుర్తుంచుకోవాలి. రోటర్ తిరిగే దిశకు ఎదురుగా డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పితే స్పార్క్ ముందుకు జరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్‌ను పట్టి ఉంచే బోల్టు బిగించాక మళ్లీ ఒకసారి లైటు పట్టి చూడడం అవసరం.

ఒక్కో విడతలో 2 క్రాంక్ డిగ్రీలకు మించకుండా జరిపి, గొట్టాన్ని తిరిగి తగిలించి, ఎత్తుదారిలో పై గేరులో నడుపుతూ శ్రద్ధగా వినాలి. డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడు (నాకింగ్) వస్తే వెంటనే యాక్సిలరేటర్ వదిలి, టైమింగ్‌ను 2 డిగ్రీలు వెనక్కి తీయాలి. ఆఫ్‌రోడ్‌లో బండి నెమ్మదిగా, బరువు మీద, తగినంత గాలి తగలకుండా వేడెక్కుతుంది కాబట్టి, మామూలు రోడ్డు మీద వినిపించని నాకింగ్ అక్కడ మొదలై పిస్టన్‌ను దెబ్బతీయగలదు. అందుకే రోడ్డు మీద సరిపోయిందనిపించిన స్థానం నుంచి మరో 1 లేదా 2 డిగ్రీలు వెనక్కి ఉంచడమే మేలని నా అభిప్రాయం.