లంబసింగి చలిలో, ఎర్రబురదలో గుంపుగా సైకిల్ తొక్కాలంటే

డిసెంబరులో మన్యం కొండల్లో సైకిల్ తొక్కడానికి మేమూ వస్తామని ఎవరైనా అంటే, నేను ముందు సైకిల్ గురించి అడగను. మీలో అందరికంటే వెనకబడేది ఎవరని అడుగుతాను. ఎంత దూరం వెళ్లాలి, ఎక్కడ ఆగాలి, ఎన్నింటికి తిరిగి రావాలి, ప్లాను మొత్తం ఆ మనిషిని బట్టే వేసుకోవాలి. ఇది నాకు ఒక్క ప్రయాణంలో తెలిసొచ్చింది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. తర్వాత పది రోజులకి మేం ఎనిమిదిమందిమి విశాఖ నుంచి వ్యానులో సైకిళ్లేసుకుని లంబసింగి వెళ్లాం. పది రోజులైంది కదా, పక్కనున్న తాజంగి ఊరి వైపు మట్టిదారులు ఆరిపోయుంటాయనుకున్నాం. కానీ కాఫీ తోటల్లో ఎండ నేలదాకా రాదు. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. పగలు కాస్త ఆరినా రాత్రి మంచు మళ్లీ తడిపేస్తుంది.

ఆ రోజు ఆఖరున మా బావమరిది ఉన్నాడు. గెడ్డ (కొండవాగు) దాటుతూ జారి పడ్డాడు, రెండు గ్లవ్సూ తడిసిపోయాయి. మాకా సంగతి తెలీదు. ముందు వెళ్లిపోయి టీ కొట్టు దగ్గర మంట కాచుకుంటున్నాం. పాతిక నిమిషాల తర్వాత వచ్చాడు. దిగి హెల్మెట్ బకిల్ తియ్యబోయాడు. వేళ్లు బకిల్ మీద ఆనుతున్నాయి గానీ నొక్కలేకపోతున్నాయి. గెడ్డం కింద పట్టీ నిండా ఎర్రమట్టి. "బావా, నువ్వే తియ్యి" అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. ఆ వేళ్లతోనే అంత దిగుడూ బ్రేకులు పట్టుకుంటూ వచ్చాడని అప్పుడు తట్టింది నాకు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అప్పట్నుంచి మా పద్ధతి మార్చుకున్నాం. ముందు దారి తెలిసినవాడు వెళ్తాడు. ఆఖరున గుంపులో బాగా తొక్కగలిగినవాడు, రిపేరు చేతనైనవాడు ఉంటాడు. పంపు, ట్యూబులు, చైన్ లింకు, ఒక జత పొడి గ్లవ్స్, మందులు అతని సంచిలోనే. అతని వెనక ఇంకెవరూ ఉండకూడదు. దారి చీలిన ప్రతిచోటా ముందువాడు ఆగి, అందరూ వచ్చారని లెక్కపెట్టుకున్నాకే కదలాలి. తోటల్లోకి దిగాక చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి "ఫోన్ చేస్తాలే" అన్న మాట పనికిరాదు.

ఆగడంలోనే చాలామంది పొరపాటు చేస్తారు. ముందొచ్చినవాళ్లు అరగంట నిలబడతారు, ఒంటి మీద చెమట చల్లారి వణుకు పుడుతుంది. ఆఖరివాడు రాగానే "పదండి, పదండి" అంటారు. అంటే అందరికంటే అలిసిపోయిన మనిషికే విశ్రాంతి దక్కదు. పది కిలోమీటర్లకోసారి కాకుండా రెండు కిలోమీటర్లకోసారి ఆగండి. అప్పుడు గుంపు మరీ సాగదు, ఎవరూ ఎక్కువసేపు ఎదురుచూడక్కర్లేదు. ఆఖరివాడు వచ్చాక ఐదు నిమిషాలు లెక్క. ఆగగానే జాకెట్ వేసుకోవాలి, చలేశాక కాదు.

బురదలో గంటకి ఆరేడు కిలోమీటర్లు సాగితే గొప్ప. రోజుకి ఇరవై కిలోమీటర్ల మట్టిదారి చాలు. పొద్దున్న ఎనిమిదికి, మంచు కాస్త పలచబడ్డాక బయలుదేరి, మూడున్నరకల్లా తారురోడ్డు ఎక్కెయ్యండి. వీలైతే శని, ఆదివారాలు వద్దు. ఆ రెండు రోజులూ లంబసింగి రోడ్డు మీద మంచులో కార్ల వరసే. ఎప్పుడెళ్లినా వెనక ఎర్రలైటు మాత్రం ఉండాల్సిందే.

లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. బయట ఉంటే కొయ్యలా బిగుసుకుపోతారని దానికి అర్థం చెబుతారు. ఊరు సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంటుంది. పొద్దున్న ఐదు డిగ్రీలున్నప్పుడు 25 కిలోమీటర్ల వేగంతో దిగితే ఒంటికి దాదాపు సున్నా డిగ్రీల చలి తగులుతుంది. అదే మనిషికి ఎక్కేటప్పుడు చెమటలు కారతాయి. అందుకే లోపల కాటన్ బనీను వద్దు, తడిస్తే ఇక ఆరదు. పాలిస్టర్ టీషర్టు, దాని మీద పలచటి ఉన్ని స్వెటర్, పైన గాలి చొరబడని జాకెట్. ఎక్కేముందు ఒక పొర తీసెయ్యాలి, దిగేముందు వేసుకోవాలి. బద్ధకించకండి. జాకెట్ సరిపోకపోతే దిగేముందు పాత పేపరు రెండు మడతలు వేసి ఛాతీ మీద, జాకెట్ లోపల పెట్టుకోండి. గాలి ఆగుతుంది. కాళ్లకి మేజోళ్లు, వాటి మీద పాలిథిన్ కవరు, ఆపైన బూట్లు. మందపాటి మంకీ క్యాప్ పెడితే హెల్మెట్ సరిగా కూర్చోదు. పలచటి టోపీ చాలు, చెవులు మూసుకుంటే సరి.

సైకిల్ సంగతికొస్తే, టైర్లలో గాలి తగ్గించండి. ట్యూబు ఉన్న టైరైతే, 70 కిలోల మనిషికి నేను 28 పీఎస్ఐ దాకా దించుతాను. మరీ దించితే రాయి తగిలినప్పుడు ట్యూబు నలిగి పంక్చరవుతుంది. బ్రేకు ప్యాడ్లు బయలుదేరేముందే చూసుకోవాలి. బురదనీళ్లు ఆకురాయిలా అరగదీస్తాయి, రెజిన్ ప్యాడ్లయితే ఇంకా తొందరగా అయిపోతాయి. మెటల్ ప్యాడ్లు నయం. చైనుకి తడిలో నిలిచే నూనె వెయ్యండి. ఈ ఎర్రమట్టి ఎండుటాకులతో కలిసి ముద్దలా టైరుకి పట్టేసి, ఫోర్కు దగ్గర చక్రాన్ని తిరగనివ్వదు. అప్పుడు బలం పెట్టి తొక్కితే గేరు వంకర పోతుంది. దిగి, వెదురు పుల్లతో గీకెయ్యాలి. ఒక పుల్ల ఫ్రేముకి కట్టుకుని వెళ్లడం నాకు అలవాటు.

బురద కనపడగానే తేలిక గేరులోకి మారి, సీటు మీద కూర్చునే తొక్కాలి. లేచి నిలబడితే వెనక చక్రం మీద బరువు తగ్గి ఊరికే గిర్రున తిరుగుతుంది. హ్యాండిల్ గట్టిగా బిగించి పట్టుకోవద్దు, ముందు చక్రం కాస్త అటూ ఇటూ కొట్టుకుంటుంది, కొట్టుకోనివ్వండి. మలుపులో ముందు బ్రేకు ముట్టుకోకండి. వేగమంతా మలుపుకి ముందే, తిన్నగా ఉన్నప్పుడే తగ్గించుకోవాలి. తడి వేర్లని అడ్డంగా, తొంభై డిగ్రీల్లో దాటాలి. ముందు మనిషికి ఇరవై అడుగుల దూరం ఉంచండి, ఒకరు జారితే వెనకాల వచ్చేవాళ్లందరూ పడతారు. అనుమానంగా ఉన్నచోట దిగి నడవండి. ఒకరు దిగితే మిగతావాళ్లు ఏమీ అనకూడదని ముందే మాట్లాడుకోండి. కొత్తవాళ్లు పడేది మొహమాటం కొద్దీ తొక్కినప్పుడే.

నవంబరు నుంచి జనవరి దాకా అక్కడ కాఫీ కోతల కాలం. పళ్లు కళ్లాల్లోనూ, దారి పక్క టార్పాలిన్ల మీదా ఆరబోసి ఉంటాయి. అది ఒక ఇంటి ఏడాది సంపాదన. పక్కన బురద చిమ్ముతూ వెళ్లకూడదు, దిగి నడిపించుకుంటూ వెళ్లాలి. వలిసె అనే నూనెగింజల చేలు పసుపుపచ్చగా పూసి ఉంటాయి, ఫొటో కోసం వాటిలోకి సైకిల్ దింపొద్దు. తోటల్లోంచి వెళ్లేముందు ఊళ్లో పెద్దవాళ్లని అడగండి. "అమ్మా, ఇటు వెళ్లొచ్చా?" అంటే, ఏ గెడ్డలో నీళ్లెక్కువున్నాయో కూడా వాళ్లే చెబుతారు.

చలిలో దాహం తెలీదు, కాబట్టి ఆగిన ప్రతిసారీ రెండు గుక్కలు తాగాలి. పల్లీ చిక్కీ, నువ్వుండలు, ఉడకబెట్టిన చిలగడదుంపలు జేబులో పెట్టుకుంటే తొక్కుతూనే తినొచ్చు. బొంగు చికెన్ తిరిగొచ్చాక. కడుపు నిండా తిని కొండెక్కితే ఒళ్లు బరువెక్కుతుంది.

వణకడం అందరికీ ఉంటుంది. మాట తడబడినా, జిప్పు పెట్టుకోలేకపోయినా, అడిగినదానికి విసుగ్గా జవాబిచ్చినా ప్రయాణం అక్కడే ఆపెయ్యండి. తడి బట్టలు మార్చి, దుప్పటి చుట్టి, బాగా పంచదార వేసిన వేడి టీ కొంచెం కొంచెంగా పట్టించండి. మద్యం మాత్రం వద్దు, ఒళ్లు వెచ్చబడినట్టు అనిపిస్తుందే గానీ లోపలి వేడి పోతుంది. వణుకు ఆగిపోయి మనిషి మగతగా అయితే తగ్గిందనుకోవద్దు, అది మరీ ప్రమాదం. కదలకుండా పడుకోబెట్టి, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. సిగ్నల్ లేకపోతే ఒకరిని ఊళ్లోకి పరిగెత్తించండి. మా వ్యాను తాళాలు ఇద్దరి దగ్గర ఉంటాయి, డ్రైవరు ఏ సందు దగ్గర ఉండాలో పొద్దున్నే అనుకుంటాం.

దిగొచ్చాక ముందు మనుషులు పొడిబట్టలు కట్టుకోవాలి, తర్వాతే సైకిళ్లు. మట్టి ఎండకముందే బకెట్ నీళ్లు పొయ్యండి. ప్రెషర్ పంపుతో కొడితే బేరింగుల్లోకి నీళ్లు పోతాయి. పాత టూత్ బ్రష్‌తో చైను తోమి, గుడ్డతో తుడిచి, ఆరాక నూనె వెయ్యాలి. మా బావమరిది సైకిల్ నేనే కడుగుతాను. హెల్మెట్ పట్టీ కూడా, బకిల్ సందుల్లో మట్టి పోయేదాకా.