బత్తాయి తోటలో తప్పు చెప్పిన తేమ సెన్సార్: నా అనుభవం

అనంతపురం జిల్లాలోని మా బత్తాయి తోటలో, నేల తేమను బట్టి డ్రిప్ వాల్వులను తెరిచి మూసే వైర్‌లెస్ సెన్సార్లను అమర్చుకున్నాక, మూడో వరుసలోని సెన్సార్ మాత్రం ఎంత నీరు పారినా నేల ఎండిపోయిందనే చెబుతూ వచ్చింది. ఫలితంగా ఆ వరుసకు రాత్రంతా నీరు పారి చెట్ల మొదళ్లు చిత్తడి అయ్యాయి. బత్తాయి విషయంలో నాకు ఎద్దడి కన్నా ఇదే ఎక్కువ భయం, ఎందుకంటే బంక తెగులు తెచ్చే ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి పుంజుకునేది ఇలాంటి తడిలోనే.

మొదట బ్యాటరీని, తరువాత సిగ్నల్‌ను అనుమానించి రెండు రోజులు వృథా చేసుకున్నాను. చివరకు గడ్డపారతో పక్కనుంచి తవ్వి చూస్తే, గులకరాళ్లతో నిండిన మా ఎర్రనేలలో సెన్సార్ పలకకూ మట్టికీ మధ్య అగ్గిపుల్ల దూరేంత సందు కనిపించింది. ఈ రకం సెన్సార్ తన చుట్టూ ఉన్న పదార్థపు డైఎలెక్ట్రిక్ స్థిరాంకాన్ని, అంటే ఆ పదార్థం విద్యుత్ శక్తిని ఎంతగా నిల్వ చేసుకోగలదో చెప్పే సంఖ్యను, ఆధారంగా చేసుకుని తేమను అంచనా వేస్తుంది. నీటికి అది సుమారు 80, గాలికి దాదాపు 1 కాబట్టి, తడి నేలను పొడిగా చూపడానికి ఆ సన్నని గాలి పొర చాలు.

గుంతలోని మట్టినే జల్లించి, దోసెపిండిలా కలిపి, 30 సెంటీమీటర్ల లోతున పోసి, అందులోకి పలకను నిలువుగా దించాను. మట్టి కుదురుకున్నాక నిండుగా నీరు పెట్టి, అదనపు నీరు ఇంకిపోయిన మరుసటి రోజు రీడింగును వాల్వు మూసుకోవాల్సిన పై హద్దుగా నమోదు చేశాను. పనిలో పనిగా, కొమ్మల్లో చిక్కుకున్న యాంటెన్నాను గొట్టం మీద చెట్ల తలలకు పైకి లేపాను, తడి ఆకులు సిగ్నల్‌ను మింగేస్తాయి కదా. ఇప్పుడు మూడో వరుస వాల్వు మిగతావాటితో పాటే మూసుకుంటోంది.