దూరపు నడకలో ఎదురుదెబ్బల రోజును గట్టెక్కడం ఎలా: శ్రీకాకుళం తీరం ఉదాహరణగా

రోజుకు పాతిక ముప్పై కిలోమీటర్ల చొప్పున వరుసగా కొన్నాళ్లు నడవాలనుకునేవారు ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఎంత దూరం, రాత్రికి ఎక్కడ బస అన్న మూడు సంగతులు కాగితం మీద రాసుకుని బయలుదేరుతారు. అనుకున్నది జరగని రోజున ఏం చేయాలన్న నాలుగో సంగతి ఆ కాగితంలో చాలావరకు కనిపించదు. చెప్పు తెగడం, దాటవలసిన గెడ్డలో (వాగులో) నీరు ఎక్కువగా ఉండడం, దారి తప్పడం, మడమ బొబ్బెక్కడం వంటివన్నీ ఒకదాని వెనుక ఒకటిగా ఒకే రోజున వచ్చిపడటం దూరపు నడకలో అరుదేమీ కాదు. ముక్కూమొహం తెలియనివారు పిలిచి నీళ్లివ్వడం, వెతకబోయిన మనిషి ఎదురుగా రావడం కూడా అలాంటి రోజునే జరుగుతుంటాయి. ఎదురుదెబ్బలను పూర్తిగా తప్పించుకోలేం గాని, అదృష్టం కలిసి రావడానికి మాత్రం కొంత వ్యవధి ముందే కేటాయించుకోవచ్చు. అది ఎలాగో శ్రీకాకుళం నుంచి కళింగపట్నం దాకా సాగే ఒక రోజు నడకను ఆధారంగా తీసుకుని చెబుతాను.

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి అరసవల్లి మీదుగా శ్రీకూర్మం సుమారు 13 కిలోమీటర్లు. అక్కడి నుంచి మత్స్యలేశం వైపు వెళితే సముద్రం వస్తుంది. ఒడ్డు పట్టుకుని ఈశాన్యంగా సాగితే, వంశధార సముద్రంలో కలిసే చోటున కళింగపట్నం చేరతాం. మొత్తం కలిపి రమారమి 30 కిలోమీటర్లు. తారురోడ్డు మీద గంటకు 4 నుంచి 5 కిలోమీటర్లు సునాయాసంగా నడిచే మనిషి, వీపున సంచితో పొడి ఇసుకలో 3 కిలోమీటర్లు నడవడమే గగనం. అందువల్ల ఇంటి దగ్గర రోడ్డు మీద సాధన చేసిన వేగాన్ని పట్టుకుని తీరపు నడకకు లెక్క వేయకూడదు.

డిసెంబరులో ఇక్కడ సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది. తెల్లవారుజామున 5 గంటలకు టార్చిలైటుతో బయలుదేరి, మధ్యాహ్నం 12 గంటలకల్లా ఆ రోజు దూరంలో మూడింట రెండు వంతులు పూర్తి చేయడమే నేను నమ్మిన పద్ధతి. మిగిలిన 10 కిలోమీటర్లకు ఐదున్నర గంటల వెలుగు ఉంటుంది. నడకకు మూడున్నర గంటలు పోయినా రెండు గంటలు చేతిలో మిగులుతాయి. ఆ రెండు గంటలను ఫోటోలకో, ఇంకో ఊరు అదనంగా చూడటానికో ముందే రాసిపెట్టుకోవద్దు. నీరు తగ్గేదాకా ఆగడానికీ, తెగిన చెప్పు కుట్టించుకోవడానికీ, పిలిచినవారి అరుగు మీద కూర్చోవడానికీ ఉన్న సమయం అదే. దాన్ని ముందుగానే ఖర్చు పెట్టేసినవాడికి చిన్న ఆటంకమే పెద్ద ఆపద అవుతుంది. ఎదురొచ్చిన సాయాన్ని అందుకునే తీరిక కూడా ఉండదు.

కాలం విషయంలో పెద్దగా ఎంచుకోవలసింది లేదు: డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు నడవండి. అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటింది ఈ జిల్లాలోనే. రథసప్తమినాడు అరసవల్లికి జనం పోటెత్తుతారు కనుక ఆ ముందురోజు శ్రీకాకుళంలో గది దొరుకుతుందనే ఆశ పెట్టుకోవద్దు. సంక్రాంతి మూడు రోజులూ పల్లెల్లో దుకాణాలు మూసి ఉండవచ్చు గాని, ఆ రోజుల్లో బాటసారిని తినకుండా పంపే ఇల్లు ఈ ప్రాంతంలో అరుదు.

బయలుదేరే ముందు నడక మానుకుని బస్సో ఆటోనో ఎక్కగల చోట్లను గుర్తు పెట్టుకోవాలి. ఈ దారిలో మొదటిది శ్రీకూర్మం. తీరం మీదికి వెళ్లాక చిక్కు వస్తే, సముద్రాన్ని వెనుక వదిలి లోపలికి నడిచి శ్రీకాకుళం–కళింగపట్నం రోడ్డు మీద ఉన్న గార చేరాలి. అక్కడికి తీసుకెళ్లే అడ్డరోడ్డు ఏ పల్లె దగ్గర కలుస్తుందో ముందే అడిగి రాసుకోండి. ఫోన్‌లోని పటం ఆ రోడ్డును చూపిస్తుంది, కానీ ఎండలో తెర కనిపించక, ఛార్జింగ్ అయిపోయి అది మొండికేసేది సరిగ్గా మీకు అవసరమైనప్పుడే. ఫలానా వేళకు ఫలానా చోటు చేరకపోతే వెనక్కి తిరుగుతానని ఉదయమే నిర్ణయించుకుని, ఆ మాట ఇంట్లో ఒకరికి చెప్పి రావాలి. అలసిపోయిన తరువాత తీసుకునే నిర్ణయాలు ఎప్పుడూ ముందుకే తోస్తాయి.

తీరపు నడకలో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది నీటిని దాటే చోట్లు. సముద్రంలో కలిసే చిన్న గెడ్డల మొగలు వేసవిలో ఇసుక మేట వేసి మూసుకుపోతాయి; వానల తరువాత తెగి పారతాయి. పోటు సమయంలో సముద్రపు నీరు లోపలికి ఎక్కి, మామూలుగా మోకాలి లోతున్న చోటు నడుము దాటుతుంది. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు ఉంటాయి. ఒక పోటు నుంచి ఇంకో పోటుకు దాదాపు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కనుక వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈ రోజు ఉదయం 8 గంటలకు పోటు వచ్చిందంటే రేపు 8:50 ప్రాంతంలో వస్తుందని లెక్క వేసుకోవచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ, ఆ వెనువెంటనే వచ్చే ఒకటి రెండు రోజుల్లోనూ నీరు మరింత ఎక్కుతుంది, మరింత దిగుతుంది.

గెడ్డ ఒడ్డున నిలబడి దాటాలా వద్దా అని మీలో మీరు తర్కించుకోకండి. దగ్గరలో వల బాగు చేసుకుంటున్నవారు ఎవరైనా ఉంటారు, వారిని అడగండి. ఒకసారి అలా అడిగితే ఒక పెద్దాయన తలెత్తకుండానే, “ఇప్పుడెల్తే నడుం దాకొస్తాది బావూ, పొద్దు ఒంగితే మోకాలికి కూడా రాదు” అన్నాడు. మూడు గంటలకల్లా ఆయన చెప్పినట్టే నీరు పిక్కల దాకా దిగింది. దాటేటప్పుడు సంచి నడుం పట్టీ విప్పేసి, చేతికర్రతో ముందు ఇసుకను పొడిచి చూస్తూ, కాళ్లను ఈడ్చినట్టుగా జరపాలి. సముద్రంలో కలిసే కచ్చితమైన చోటును వదిలి కొంచెం ఎగువన, వెడల్పుగా, పలుచగా పారే చోటును ఎంచుకోవాలి. తొడల దాకా నీరు వచ్చి, పారుదల కాలిని లాగుతుంటే వెనక్కి వచ్చేయాలి. వంశధార మొగ దగ్గర మాత్రం ఈ పద్ధతులేవీ పనికిరావు. దాన్ని కాలినడకన దాటే ప్రయత్నమే చేయకూడదు. ఉత్తరపు ఒడ్డుకు వెళ్లాలనుకునేవారు పడవవారిని మాట్లాడుకోవాలి, లేదా జాతీయ రహదారి మీద మడపాం వంతెన దాకా చుట్టూ తిరగాలి.

దారి అడగడానికీ ఒక తీరుంది. “ఎంత దూరం” అని అడిగితే ఈ ప్రాంతంలో వచ్చే జవాబు “ఇక్కడే, దగ్గరే” అనే. బండి మీద తిరిగేవారికి నిజంగానే అది దగ్గర. “నడిచి వెళితే ఎంతసేపు పడుతుంది”, “నిన్నో ఇవాళో అటు ఎవరైనా నడిచి వెళ్లారా” అని అడిగితే పనికొచ్చే సమాచారం దొరుకుతుంది. పెద్దవారిని తాతా, మావయ్యా అని, కాస్త పెద్ద వయసు ఆడవారిని అప్పా అని పలకరించండి. “ఎవల తాలూకా?” (ఎవరి మనిషివి) అని వారు తిరిగి అడిగితే విసుక్కోకుండా ఊరూ పేరూ పనీ చెప్పండి. బీచ్ వెంట సంచి మోసుకుంటూ వచ్చే మనిషి ఎవరో తెలుసుకునే హక్కు తీరంలో ఉండేవారికి ఉంది. ఆ రెండు నిమిషాల మాట తరువాతే నీడా, నీళ్లూ, సరైన దారీ దొరుకుతాయి.

చెప్పులూ బూట్ల విషయానికొస్తే, కొత్తవి ఎట్టి పరిస్థితుల్లోనూ తొడుక్కుని రావద్దు. నాతో నడిచిన మిత్రుడి శాండల్ పట్టీ ఒకసారి ఇసుకలో మొదలంటా ఊడిపోయింది. చెప్పులు కుట్టేవారు ఆ దరిదాపుల్లో లేరు. తెప్ప నీడన వల అల్లుతున్న యువకుడు దాన్ని చేతిలోకి తీసుకుని, ముందు మేకును కాల్చి అట్టలో రెండు కంతలు చేశాడు. నైలాను వల దారాన్ని రెండు పేటలు వేసి, నాలుగుసార్లు ఇటూ అటూ పోనిచ్చి, చివర ముడిని అగ్గిపుల్లతో కరిగించి వేలితో అదిమాడు. ఆ కుట్టు నడక ముగిసేదాకా చెక్కుచెదరలేదు. అప్పటి నుంచి నా సంచిలో పెద్ద సూది, నాలుగు బారల నైలాను దారం, అగ్గిపెట్టె ఎప్పుడూ ఉంటాయి. ఇలాంటి సాయానికి డబ్బు చేతిలో పెట్టబోతే చాలామంది నొచ్చుకుంటారు. దగ్గరి దుకాణంలో పిల్లలకు బిస్కట్లు కొనివ్వడమో, అందరికీ టీ చెప్పడమో మర్యాదగా ఉంటుంది. పడవ దాటించడం మాత్రం వారి జీవనోపాధి. ఎక్కకముందే ధర మాట్లాడుకుని పూర్తిగా చెల్లించాలి.

బొబ్బ విషయంలో పంతం పనికిరాదు. మడమ దగ్గర వేడిగా, చురుక్కుమని అనిపించిన వెంటనే, ఇంకో అరకిలోమీటరు అనుకోకుండా అక్కడే కూర్చుని మేజోడు విప్పాలి. ఇసుక దులిపి, కాలు పూర్తిగా ఆరనిచ్చి, ఒరుసుకునే చోట గుడ్డ ప్లాస్టరును ముడతలు పడకుండా అంటించాలి. అప్పటికే నీటి బొబ్బ లేచి ఉంటే, చిన్నదైతే ముట్టుకోకుండా కప్పి ఉంచాలి. నడవనివ్వనంత పెద్దదైతే చేతులూ బొబ్బా సబ్బునీటితో కడిగి, క్రిమిరహితం చేసిన సూదితో అంచున పొడిచి నీరు తీసి, పైచర్మాన్ని మాత్రం ఒలవకుండా మందు రాసి కట్టాలి. మధుమేహం ఉన్నవారు ఆ పని సొంతంగా చేసుకోకుండా వైద్యుడికి చూపించాలి. ఒడ్డు సముద్రం వైపు వాలి ఉంటుంది కనుక గంటల తరబడి నడిస్తే ఒక వైపు మోకాలు, తుంటి పట్టేస్తాయి; తడిసి గట్టిపడిన ఇసుకలో సమంగా ఉన్న చోటు వెతుక్కుంటూ, మధ్యమధ్య సరుగుడు తోటల వెనుకనున్న బాటలోకి మారుతుండాలి.

తిండి సంగతి తేలిక. ఉదయం చోడంబలి (రాగి అంబలి) గాని, చద్దన్నం ఉల్లిపాయ గాని తిని బయలుదేరితే పదకొండు గంటల దాకా చూసుకోనక్కరలేదు. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు మోయాలి, శ్రీకూర్మంలో మళ్లీ నింపుకోవాలి. చెమట ఎక్కువగా పట్టి నీరసిస్తే లీటరు తాగునీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగాలి. చెంచాలు టీ చెంచాలే, అదీ తలగొట్టి. మాట తడబడి, మనిషి తికమకపడుతూ ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

మధ్యాహ్నం రెండు గంటలకు అనుకున్న చోటు చేరకపోతే, ఉదయం ఇంట్లో చెప్పిన మాట ప్రకారం గార వైపు తిరిగి ఆటో ఎక్కండి. అలా ఎక్కడం నడకను పాడు చేయడమని కొందరు భావిస్తారు, నేను భావించను. చీకటి పడ్డాక తెలియని ఇసుక మీద తడుముకుంటూ చేరుకున్న పది కిలోమీటర్లకంటే మరునాడు వెలుగులో తిరిగి వచ్చి పూర్తి చేసిన పది కిలోమీటర్లు మేలు. పైగా జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి, టార్చి వెలుగు వాటిని బెదరగొట్టి వెనక్కి మళ్లిస్తుంది.

పల్లెలోనే రాత్రి గడపవలసి వస్తే పొద్దుండగానే ఊరి పెద్దలనో పంచాయతీ కార్యాలయంలోనో అడిగి, వారు చూపిన బడి వరండాలోనో తుఫాను షెల్టరులోనో పడుకోవాలి. కళింగపట్నం చేరినవారు ముందుగా శ్రీకాకుళానికి చివరి బస్సు ఎన్నింటికో దుకాణంలో కనుక్కుని, ఆ తరువాతే లైట్‌హౌస్ వైపు తీరికగా వెళ్లాలి. కాళ్లు కడిగి, ఆరబెట్టి, వేళ్ల మధ్య చూసుకుని, మరునాటి దూరాన్ని ఆ కాళ్లను బట్టి నిర్ణయించుకోవాలి. నొప్పి ఉంటే దూరాన్ని సగానికి తగ్గించి, వంశధార దక్షిణపు ఒడ్డున కొండ మీద ఉన్న శాలిహుండం బౌద్ధ స్తూపాల దాకా మాత్రం పెట్టుకోండి. అక్కడ కొండ ఎక్కవలసి ఉంటుంది కనుక ఎండ ముదరకముందే చేరేలా చూసుకోండి.