వంశవృక్షం మనమే గీద్దాం – 3వ పాఠం: రౌద్రి అంటే ఏ ఏడాది?

పోయిన పాఠం తరవాత ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అడిగే ఉంటారు. పేర్లు బాగానే దొరికి ఉంటాయి. తేదీలు మాత్రం "ధాత కరువు నాటికి మా తాత పసివాడట", "దివి ఉప్పెనప్పుడు మీ నాన్న కడుపులో ఉన్నాడు" అన్న తీరులో వచ్చి ఉంటాయి. కొట్టేయకండి, అవీ తేదీలే. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. ధాత కరువుకి పేరులోనే ఏడాది ఉంది: ధాతు నామ సంవత్సరం, 1876-77. గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చేసిన నందన కరువూ అంతే, 1832-33.

ఇవాళ్టి పాఠం ఈ లెక్కే. సంవత్సరాల పేర్లు అరవై. ప్రభవతో మొదలై అక్షయతో ముగుస్తాయి. జాబితా ఏ పంచాంగంలోనైనా ఉంటుంది. పేరు వరస సంఖ్యకు 1926 కలపండి. రౌద్రి 54వది, కాబట్టి 1980. అంతకు ముందు రౌద్రి కావాలంటే 60 తీసేయండి, 1920. ఇంకోసారి తీస్తే 1860.

ట్రంకు పెట్టెలో ఒక క్రయపత్రం దొరికిందనుకుందాం. "రౌద్రి నామ సం॥ర మాఘ శుద్ధ పంచమి" అని ఉంది. ఈ మూడింటిలో ఏ రౌద్రి? ముందు స్టాంపు మీద బొమ్మ చూడండి. ఐదో జార్జి ఉంటే అది 1910-36 మధ్య కాగితం, కాబట్టి 1920. పక్కన ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) 1330 అని కూడా ఉంటే ఇంకా మంచిది. ఫసలీకి 590 కలిపితే 1920 వస్తుంది. బొమ్మ చెరిగిపోయి ఫసలీ కూడా లేకపోతే, కొన్నవాళ్ళూ సాక్షులూ మీకు ఏ వరస అవుతారో చూడండి. అరవై ఏళ్ళ తప్పంటే రెండు తరాల తేడా, ఇట్టే దొరికిపోతుంది.

దొరకనిది ఒక్క ఏడాది తప్పు. ఆ పత్రాన్ని 1920లో వేశారంటే పప్పులో కాలేసినట్టే. మన ఏడాది ఉగాదికి మొదలవుతుంది, మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు ఏడాది మారిపోయి ఉంటుంది. సరైన తేదీ 1921 ఫిబ్రవరి. మాఘ, ఫాల్గుణాలకు ఎప్పుడూ ఒకటి కలపాలి. పుష్యం సగం అటూ సగం ఇటూ ఉంటుంది కనుక తిథి చూడకుండా తేల్చకండి. మా ఇంట్లో ఒక పుట్టుకకి నేనే ఈ తప్పు చేసి, పెద్దకొడుకుని పెళ్ళికి ముందే పుట్టించాను. పిన్ని ఇప్పటికీ నవ్వుతుంది.

తద్దినాలు పెట్టే ఇళ్ళలో ఇంకో సంగతి ఉంది. మనిషి చనిపోయిన ఏడాదిని అందరూ మరిచిపోతారు, మాసం, పక్షం, తిథి మాత్రం ఎవరూ మరవరు. తర్పణం విడిచేవాళ్ళను అడిగితే తండ్రి, తాత, ముత్తాత పేర్లు గోత్రంతో సహా చెబుతారు; చాలా ఇళ్ళలో తల్లి వైపువీ తెలుస్తాయి. ఏడాది ఏ కాగితంలోనో దొరికిన రోజున ఆ తిథిని దానికి జతచేసి పాత పంచాంగం తిరగేస్తే, పోయిన రోజు ఏ వారమో కూడా తేలుతుంది.

వచ్చే పాఠానికి మీ ఇంట్లో ఒక్క పాత కాగితం తీసి, పైన చెప్పినట్టు తేదీ కట్టి పెట్టుకోండి. పెన్సిల్‌తో రాయండి, మార్చాల్సి వస్తుంది.