స్టెరాయిడ్ తగ్గించే మందు మొదలయ్యాక ఇంట్లో చూసుకోవాల్సినవి

మావాడికి నెఫ్రోటిక్ సిండ్రోమ్, అంటే కిడ్నీల్లోంచి ప్రొటీన్ మూత్రంలోకి పోయే జబ్బు. 6 నెలల్లో రెండుసార్లు తిరగబెట్టేసరికి డాక్టర్ గారు స్టెరాయిడ్‌కి తోడు ఇంకో మందు రాశారు. ఉన్నది చాలదన్నట్టు ఇంకోటా అని గుంజాటన పడ్డాను. కానీ తిరగబెట్టినప్పుడల్లా ప్రెడ్నిసొలోన్ (ఆ స్టెరాయిడ్ పేరు) పెద్ద డోసు ఇస్తూ పోతే ఎదుగుదల, ఎముకలు, కళ్లు, బీపీ అన్నిటి మీదా పడుతుంది. రెండో మందు వచ్చేది ఆ డోసు తగ్గించడానికే.

అలాగని కొత్త మందు రాగానే స్టెరాయిడ్ ఆపేయకండి. కొత్తది పనిచేయడానికి వారాలు పడుతుంది. పైగా చాలాకాలం వాడిన స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపితే ఒంట్లో సొంతంగా తయారవ్వాల్సిన స్టెరాయిడ్ తయారవ్వక ప్రమాదం. వాంతులయ్యి మాత్ర నిలవకపోతే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

రోజూ చేయాల్సింది మూత్రంలో ప్రొటీన్ చూసే స్టిక్ పరీక్ష. పొద్దున మొదటి మూత్రంలో ముంచి, అంచుకి ఆనించి ఎక్కువైన తడి వదిలించి, డబ్బా మీద రాసిన టైముకి రంగు చూడాలి. మాది 60 సెకన్లు. మావాడు 49 తర్వాత నేరుగా 60 అనేస్తాడు, అందుకే గడియారం నా చేతిలో ఉంటుంది. పసుపుగా ఉంటే ప్రొటీన్ లేనట్టు, ఆకుపచ్చ ముదిరేకొద్దీ ఎక్కువ. వరసగా 3 రోజులు డబ్బా మీది రంగుల్లో 3+ అని రాసిన రంగు వస్తే తిరగబెట్టినట్టే. ముఖం ఉబ్బేదాకా ఆగొద్దు. జ్వరం వచ్చిన రోజు కాస్త రంగు మారితే టెన్షన్ పడకుండా రాసుకుని, మర్నాడు మళ్లీ చూడండి.

ఆ రెండో మందు ఏదన్నదాన్ని బట్టి జాగ్రత్త మారుతుంది. లెవమిసోల్ రోజు విడిచి రోజు, కాబట్టి క్యాలెండర్లో టిక్ పెట్టకపోతే కలగాపులగం అవుతుంది. తెల్ల రక్తకణాలు తగ్గుతున్నాయేమో అప్పుడప్పుడూ చూపించాలి. సైక్లోఫాస్ఫమైడ్ 8 నుంచి 12 వారాలే. మూత్రాశయం దెబ్బతినకుండా అది పొద్దునే వేసి, డాక్టర్ చెప్పినన్ని నీళ్లు తాగించాలి. మైకోఫెనొలేట్‌తో కడుపు నొప్పి, విరేచనాలు రావచ్చు. సైక్లోస్పోరిన్‌తో చిగుళ్లు వాయొచ్చు, ఒంటి మీద వెంట్రుకలు పెరగొచ్చు. రిటుక్సిమాబ్ ఆసుపత్రిలో సెలైన్‌లా ఎక్కించేది, దానికి ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పదు.

మాది టాక్రోలిమస్. 12 గంటలకోసారి, టైము తప్పకుండా. ఇక్కడే నేను ఓ తప్పు చేశాను. రక్తంలో మందు ఎంతుందో చూసే పరీక్ష రోజు కూడా అలవాటు కొద్దీ పొద్దున డోసు వేసేసి తీసుకెళ్లాను. రిపోర్టు ఎక్కువ చూపించింది. "మాత్ర ఎప్పుడు వేశారమ్మా?" అని డాక్టర్ గారు అడిగేదాకా నాకు వెలగలేదు. మళ్లీ సూది, మళ్లీ ఏడుపు. రక్తం ఇచ్చాకే ఆ పూట డోసు. ఇప్పుడు ముందురోజు రాత్రే మందు డబ్బాకి కాగితం అంటిస్తున్నాను.

వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఈ మందు పేరు చెప్పండి. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఫ్లుకొనజోల్ లాంటి ఇన్‌ఫెక్షన్ మందులు రక్తంలో టాక్రోలిమస్‌ని పెంచేస్తాయి, అది కిడ్నీకే చేటు. బ్రతికున్న క్రిములతో చేసే టీకాలు రోగనిరోధక శక్తిని తగ్గించే ఈ మందుల మీద ఉండగా వేయరు, అడక్కుండా ఏదీ వేయించకండి. క్లాసులో ఎవరికైనా ఆటలమ్మ వచ్చిందని తెలిస్తే, మచ్చలు కనిపించేదాకా చూడకుండా ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి.